పిస్టన్ రింగులు, గ్యాస్ లీకు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేడేళ్ళుగా చెన్నైలో పిస్టన్ రింగుల, అంటే ఇంజన్లో పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చునే ఇనప చుట్టల, డిజైన్ పనిలో ఉన్నాను. సొంతూరు గూడూరు, ఉండేది పెరంబూరు. నేనేం చేస్తానో మా చుట్టాలకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. "ఏదో రింగులు చేస్తాడంట" అని విని నగల షాపు అనుకున్న పిన్ని కూడా ఉంది. కానీ బండి పొగ కొట్టినా, కిక్కరు బరువు లేకుండా దిగిపోయినా ఫోన్ మాత్రం నాకే వస్తుంది. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్ని ప్రశ్నలు కాలేజీ పిల్లలవి, కొన్ని మెకానిక్కులవి, కొన్ని మా బావమరిదివి.

ఇంత సన్న ఇనప చుట్ట అంత పేలుడుని ఎలా ఆపుతుంది?

ఒంటరిగా ఆపలేదు. అందరూ పొరపడేది ఇక్కడే. రింగు స్ప్రింగులా బోరుని, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడని, బయటికి నెడుతుంది, ఆ నెట్టుడికే గ్యాస్ ఆగిపోతుంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 70 మి.మీ. బోరు, 1.2 మి.మీ. ఎత్తున్న పై రింగు, దాని టెన్షన్ (రింగు కొసల్ని దగ్గరికి లాగి పట్టడానికి కావలసిన బలం) 6 న్యూటన్లు అనుకుందాం. టెన్షన్‌ని రెట్టింపు చేసి, బోరుని ఎత్తుతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే రింగు గోడ మీద పెట్టే ఒత్తిడి వస్తుంది. ఇక్కడ అది 0.14 మెగాపాస్కల్, అంటే 1.4 బార్. మామూలు పెట్రోల్ ఇంజన్లో మంట అంటుకున్నాక ఒత్తిడి 50 బార్ దాకా పోతుంది. 1.4 బార్‌తో నెట్టేది 50 బార్‌ని ఎలా ఆపుతుంది?

ఆపేది ఆ గ్యాసే. రింగు తన గాడిలో బిగుతుగా ఉండదు, పైనా కిందా కలిపి వెంట్రుకవాసి ఖాళీ ఉంటుంది. పైనుంచి వచ్చిన గ్యాస్ ఆ సందులోంచి రింగు వెనక్కి దూరి, దాన్ని లోపలి నుంచి బోరు గోడకి అదుముతుంది. పై నుంచి కూడా తోసి గాడి కింది అంచు మీద కూర్చోబెడుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ పట్టు కూడా పెరుగుతుంది. ఇంట్లో లోపలి మూత ఉండే ప్రెషర్ కుక్కర్ ఉంటే ఒకసారి చూడండి. ఆవిరి పెరిగేకొద్దీ మూత అంచుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, ఆవిరి ఉండగా తీయమన్నా రాదు. రింగుదీ అదే కిటుకు. డిజైన్ చేసేవాడి పనల్లా గ్యాస్‌ని సరైన దారిలో రింగు వెనక్కి పంపడం, తప్పుడు దారిలో కిందికి పోనీయకపోవడం.

మరి టెన్షన్ ఎందుకు? గట్టి రింగు వేస్తే లీకు ఇంకా తగ్గదా?

టెన్షన్ మొదటి అడుగు కోసం. గ్యాస్ వచ్చేసరికి రింగు గోడకి ఆనుకుని ఉండాలి, లేకపోతే ఆ గ్యాస్ రింగు ముందు నుంచే జారిపోతుంది. ఆనుకుని ఉండేంత టెన్షన్ ఉంటే చాలు. అంతకు మించి పెంచితే రాపిడి, వేడి, మైలేజీ నష్టం తప్ప ఒరిగేదేం లేదు.

గట్టి రింగుతో ఇంకో చిక్కుంది. బోరు ఎప్పుడూ పక్కా గుండ్రంగా ఉండదు. హెడ్ బోల్టులు బిగిస్తే నాలుగు చోట్ల లాగుతుంది, వేడెక్కితే ఇంకోలా వంగుతుంది. ఆ వంకరలకి తగ్గట్టు రింగు కూడా వంగాలి. రింగు మొండితనం దాని అడ్డు మందం (లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా) ఘనానికి అనుపాతంలో ఉంటుంది. అంటే మందం 20 శాతం తగ్గిస్తే మొండితనం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే కొత్త ఇంజన్లలో రింగులు ఏటికేడు సన్నబడుతున్నాయి. "పాత బండి రింగు చూడండి సార్ ఎంత గట్టిగా ఉందో, ఇప్పటివి రేకులు" అని పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో ఒక పెద్దాయన నాతో అరగంట వాదించాడు. ఆయన ఇచ్చిన టీ తాగి మరీ ఒప్పుకోకుండా వచ్చేశాను.

మూడు రింగులెందుకు, ఒకటి చాలదా?

పైది గ్యాస్‌కి. మధ్యది కొంచెం గ్యాస్‌కి, ఎక్కువగా నూనె గీకడానికి. కిందది పూర్తిగా నూనెకే, రెండు పలచని పట్టీలు, మధ్యలో ముడతల స్ప్రింగు. మొత్తం సెట్టులో ఎక్కువ టెన్షన్ ఉండేది ఈ కింది దానికే, ఎందుకంటే దాని వెనక గ్యాస్ సాయం ఉండదు, సొంత బలంతోనే పని చేయాలి. రేసింగ్ ఇంజన్లలో రెండు రింగులతో సరిపెట్టేవీ ఉన్నాయి.

గ్యాస్ లీకయ్యే దారులు అసలు ఎన్ని?

మూడు. రింగు నోటి దగ్గరి సందు, అంటే గ్యాప్. రింగు ముఖానికి, బోరు గోడకి మధ్య. రింగు అడుగుకి, గాడి కింది అంచుకి మధ్య. అందరి కళ్ళూ మొదటి దాని మీదే ఉంటాయి, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. నిజానికి గ్యాప్ 0.3 మి.మీ. ఉన్నా, అక్కడ పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ 0.2 మి.మీ. అయితే, గ్యాస్ దూరగలిగే రంధ్రం 0.06 చదరపు మి.మీ. మాత్రమే. సూది మొన అంత. బోరు వంకరగా ఉండి రింగు చుట్టూ అక్కడక్కడా వెలుతురు కనిపిస్తే మాత్రం అది దీనికి ఎన్నో రెట్లు. గాడి అరిగిపోయి అడుగు వాలిపోయినా అంతే. కొత్త రింగులు వేయించాక కూడా లీకు తగ్గలేదని ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి నేను అడిగే మొదటి ప్రశ్న "పిస్టన్ గాడి చూశారా?" అని. చూసి ఉండరు.

అసలు గ్యాప్ లేకుండా చేస్తే పోలా?

గ్యాప్ లేకపోతే రింగుని పిస్టన్ మీదికి ఎక్కించలేం, అది మొదటి సంగతి. రెండోది వేడి. 70 మి.మీ. బోరులో రింగు చుట్టుకొలత దాదాపు 220 మి.మీ. పోత ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరుకి 11 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) చొప్పున పెరుగుతుంది. ఉదయం 30 డిగ్రీల దగ్గరున్న రింగు పనిలో 230కి చేరిందనుకోండి, 200 డిగ్రీల తేడాకి 0.48 మి.మీ. సాగుతుంది. బోరు గోడ 150కే చేరితే దాని చుట్టుకొలత 0.29 పెరుగుతుంది. తేడా 0.19 మి.మీ. గ్యాప్ అంతకన్నా తక్కువ పెట్టారా, రెండు కొసలూ ఢీకొంటాయి, రింగు బయటికి ఉబ్బి గోడని చీరేస్తుంది, ఒక్కోసారి పిస్టన్ అంచు విరగ్గొట్టుకుని బయటపడుతుంది. అలా గీసుకుపోయిన బోరుకి మళ్ళీ ఓవర్‌సైజే, అంటే బోరుని పెద్దగా కోసి పెద్ద పిస్టన్ వేయడమే, గతి. గ్యాప్ కొంచెం ఎక్కువైతే కొంచెం పవర్ పోతుంది, తక్కువైతే ఇంజనే పోతుంది. అనుమానం ఉంటే ఎక్కువ వైపే తప్పు చేయండి.

ఎంత పెట్టాలి? పై దానికీ రెండోదానికీ ఒకటేనా?

మాన్యువల్లో ఏముంటే అదే. మాన్యువల్ లేకపోతే మామూలు రోడ్డు బండికి బోరు మి.మీ.లని 0.004తో గుణించుకోవడం పాత లెక్క. 70 బోరుకి 0.28 వస్తుంది, పైన మనం వేసిన 0.19 మీద కాస్త ఊపిరి మిగులుతుంది. టర్బో ఉన్న వాటికి ఇంకా ఎక్కువ కావాలి.

రెండో రింగు గ్యాప్ పై దానికన్నా కాస్త ఎక్కువ పెట్టడం ఇప్పుడు మామూలైంది. వినడానికి వింతగా ఉంటుంది, లీకు ఆపాలంటే సందు పెంచడమేంటని. పై రింగు దాటి కొంచెం గ్యాస్ ఎలాగూ వస్తుంది. అది రెండు రింగుల మధ్య చిక్కుకుంటే, పైన ఒత్తిడి తగ్గే క్షణంలో కింద నుంచి పై రింగుని లేపేస్తుంది. లేచిన రింగుకి పట్టు ఉండదు. అందుకని ఆ చిక్కిన గ్యాస్‌ని కిందికి దాటించేయడమే మేలు.

గ్యాప్ కొలిచేటప్పుడు రింగుని బోరులో వేసి, పిస్టన్ తలతో నెట్టి, సమంగా కూర్చున్నాకే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) పెట్టండి. పై అంచులోనే కాదు, బోరు తక్కువ అరిగిన కింది భాగంలో కూడా కొలవండి. బోరు అడ్డుకొలత 0.1 మి.మీ. అరిగితే గ్యాప్ 0.31 మి.మీ. పెరుగుతుంది, π మహిమ. రింగు ముఖమే చుట్టూ 0.1 అరిగితే ఏకంగా 0.63 పెరుగుతుంది. ఒక పాత రింగుని కింద ఒకసారి, పైన ఒకసారి కొలిస్తే బోరు ఎంత అరిగిందో కూడా తెలిసిపోతుంది, బోర్ గేజ్ లేకుండానే.

గ్యాపులన్నీ ఒకే వరసలోకి వస్తే గ్యాస్ నేరుగా కిందికి పోదా?

బిగించేటప్పుడు 120 డిగ్రీల ఎడంగా పెట్టండి, మంచి అలవాటు. కానీ ఫోర్ స్ట్రోక్‌లో రింగులు పనిలో నెమ్మదిగా తిరుగుతూనే ఉంటాయి, మీరు పెట్టిన చోట ఉండవు. దీని గురించి నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు.

టూ స్ట్రోక్‌లో మాత్రం తిరగకూడదు. ఆర్‌ఎక్స్ 100 పిస్టన్ తీసి చూస్తే గాడిలో గ్యాప్ దగ్గర చిన్న పిన్ను కనిపిస్తుంది. రింగు తిరిగి దాని కొస పోర్టులోకి (గ్యాస్ వచ్చిపోవడానికి సిలిండర్ గోడలో ఉండే కిటికీలోకి) వచ్చిందంటే అక్కడే ఇరుక్కుని ముక్కలవుతుంది. రింగు కొసల్ని ఆ పిన్నుకి అటూ ఇటూ సర్దకుండా సిలిండర్ దించి, "ఎక్కట్లేదు" అని సుత్తి తీసుకున్న కుర్రాడిని కళ్ళారా చూశాను.

రింగు పక్కా వృత్తంలా ఉంటుందా?

విడిగా ఉన్నప్పుడు ఉండదు, ఉండకూడదు కూడా. పక్కా వృత్తంగా కోసి, ఒక ముక్క తీసేసి, నొక్కి బోరులో పెడితే అది ఒక్కో చోట ఒక్కోలా ఒత్తుతుంది. విడిగా వంకరగా ఉన్నదే లోపలికి నొక్కితే గుండ్రమవుతుంది. ఆ వంకర ఎంత, ఎక్కడ అనేదే మా పనిలో సగం.

ఇది కొత్త విద్యేం కాదు. ఒకప్పుడు ఆవిరి ఇంజన్లలో పిస్టన్ చుట్టూ నారతాళ్ళు చుట్టి కొవ్వు పూసేవాళ్ళు, అవి తరచూ కాలి ఊడేవి. ఇంగ్లండులో రైలింజన్ల ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1850ల మొదట్లో, గాడిలో చీలిక ఉన్న లోహపు రింగులు పెట్టి చూపించాడు, 1854లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థలో దాని మీద పేపరు చదివాడు. మనం పెట్రోల్ పోసే ఇంజన్లు పుట్టకముందే రింగు ఉంది.

ఇప్పటి ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్ల రింగులకి కొసల దగ్గర ఒత్తిడి కాస్త ఎక్కువ ఉండేలా చేస్తాం, ఎందుకంటే స్పీడులో మొదట అదిరేది కొసలే. టూ స్ట్రోక్‌కి తద్విరుద్ధం, కొసలు పోర్టుల్లోకి తొంగిచూడకుండా అక్కడ ఒత్తిడి తగ్గిస్తాం.

స్పీడులో రింగు అదరడం ఏంటి?

పిస్టన్ పై కొసకి చేరేముందు బ్రేకు వేసినట్టు ఆగుతుంది, రింగు మాత్రం పైకి పోతూనే ఉండాలని చూస్తుంది. సిటీ బస్సు డ్రైవర్ సడెన్‌గా బ్రేకు కొడితే నిలబడ్డవాళ్ళు ముందుకి తూలినట్టు. గ్యాస్ ఒత్తిడి దాన్ని కిందికి అణచిపెట్టగలిగినంతసేపూ ఫర్లేదు. ఆర్‌పీఎం బాగా పెరిగి ఆ తూలుడే గెలిచిందా, రింగు గాడి పై అంచుకి తగులుతుంది, వెనక్కి గ్యాస్ వెళ్ళే దారి మూసుకుపోతుంది, కిందేమో తెరుచుకుంటుంది. ఒక్కసారిగా గ్యాస్ అంతా కిందికి. దీనికి మందు బరువు తగ్గించడమే. రింగులు 1 మి.మీ., 1.2 మి.మీ. ఎత్తుకి దిగొచ్చింది అందుకే.

రింగు తిరగేసి వేస్తే ఏమవుతుంది?

నన్నడగండి, స్వయంగా చేశాను. నాకొక పాత బుల్లెట్ 350 ఉంది, 70 బోరు, 90 స్ట్రోకు, పోత ఇనుప సిలిండర్. ఒక ఆదివారం మేడ మీద కూర్చుని నేనే రింగులు మార్చాను, రింగులు డిజైన్ చేసేవాడికి బిగించడం ఒక లెక్కా అన్న ధీమాతో. స్టార్ట్ చేసి వారం తిరిగానో లేదో నీలం పొగ. ఆయిల్ పోస్తుంటే తాగేస్తోంది. పక్కింటి వాళ్ళు ఉతికిన బట్టలు లోపలికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు.

మళ్ళీ ఊడదీసి రెండో రింగుని భూతద్దం కింద పెట్టాను. ఈ రింగు ముఖం నిట్టనిలువుగా ఉండదు, ఒక డిగ్రీ అటూ ఇటూగా వాలు ఉంటుంది. కింది అంచు మాత్రమే గోడకి తగిలి, దిగేటప్పుడు నూనెని గీకాలి, ఎక్కేటప్పుడు నూనె మీద జారిపోవాలి. సరిగ్గా వేసిన రింగుకి కొన్నాళ్ళకి కింది అంచున సన్నటి మెరుపు గీత పడుతుంది, మిగతా ముఖం బూడిద రంగులోనే ఉంటుంది. నా రింగుకి ఆ గీత పై అంచున ఉంది. టాప్ అనో, ఎన్ అనో, ఆర్ అనో ఒక అక్షరం లేదా చుక్క కొస దగ్గర ఉంటుంది, అది ఆకాశం వైపు ఉండాలి. నేను నేల వైపు పెట్టాను. వారం పాటు నా ఇంజన్ నూనెని శ్రద్ధగా పైకి గీకి మంటలో పోసుకుంది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి.

ఏ మెటీరియల్, ఏ కోటింగ్ మంచిది?

"మంచిది" అంటూ విడిగా ఉండదు, బోరుకి జత కుదరాలి. పై రింగుకి ఇప్పుడు ఎక్కువగా నైట్రైడ్ చేసిన (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరిచిన) స్టీలు, లేదా క్రోమియం నైట్రైడ్ పూత. పాత డిజైన్లలో గట్టి క్రోమ్, మాలిబ్డినం. మాలిబ్డినం పూతలో ఉండే సన్న రంధ్రాలు నూనెని పట్టి ఉంచుతాయి, వేడికి తట్టుకుంటుంది. రెండోది చాలా వాటిలో మామూలు పోత ఇనుమే. బోరుకి క్రోమ్ ప్లేటింగ్ ఉంటే క్రోమ్ రింగు వేయకూడదు, ఒకే జాతివి రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. పై రింగు ముఖం కొంచెం పీపాలా ఉబ్బి ఉంటుంది, అది ఎటు కదిలినా ముందు నూనె పొర దూరడానికి.

డీజిల్ వాటిలో పై రింగు బయటి వైపు వెడల్పు, లోపలి వైపు సన్నం ఎందుకు?

మసి పట్టి ఇరుక్కోకుండా. పక్కలు వాలుగా ఉంటే రింగు లోపలికీ బయటికీ కదిలిన ప్రతిసారీ గాడిలో సందు మారుతూ మసిని నలిపేస్తుంది. ఇరుక్కున్న రింగు వెనక్కి గ్యాస్ పోదు, అంటే మొదటి ప్రశ్నలో చెప్పిన కిటుకంతా పోయినట్టే.

నా బండి పొగ కొడుతోంది, రింగులేనా?

తొందరపడకండి. నల్ల పొగైతే పెట్రోల్ ఎక్కువ పోతోంది, రింగులకి సంబంధం లేదు. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని తర్వాత ఆగిపోతే వాల్వ్ సీళ్ళని అనుమానించండి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తిప్పగానే వచ్చినా ఎక్కువగా వాల్వ్ గైడ్ల వైపే. లోడు మీద, యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపూ వస్తుంటే రింగులు.

తేల్చుకోవాలంటే కంప్రెషన్ గేజ్ పెట్టి కొలవండి, తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. బాగా పెరిగితే రింగులో, బోరో. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో. బ్రీదర్ పైపు దగ్గర చెయ్యి పెట్టినా తెలుస్తుంది. రింగులు దాటిన గ్యాస్ అంతా క్రాంక్‌కేసులోకి (ఇంజన్ కింది పెట్టెలోకి) చేరి అక్కడి నుంచే బయటికి రావాలి. కొంచెం ఆవిరి మామూలే, పొయ్యి ఊదుతున్నట్టు కొడితే మామూలు కాదు. ఈ గ్యాస్ ఆయిల్‌ని కూడా పాడుచేస్తుంది, సీళ్ళలోంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. "గ్యాస్కెట్ మార్చినా ఆయిల్ కారుతోంది" అనే ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం రింగుల దగ్గరే ఉంటుంది.

రింగులు మాత్రమే మార్చి, బోరు అలాగే ఉంచొచ్చా?

బోరు గుండ్రంగానే ఉండి, లిమిట్ లోపల అరిగి ఉంటే ఉంచొచ్చు, కానీ హోనింగ్ (సానరాళ్ళతో బోరు గోడని సన్నగా గీయడం) చేయించండి. అద్దంలా మెరిసే బోరు చూసి మురిసిపోకండి, దాని మీద నూనె నిలవదు, కొత్త రింగు ఒదగదు. అడ్డదిడ్డంగా వలలాంటి సన్న గీతలుండాలి. పై భాగంలో గోటికి మెట్టు తగులుతోందంటే మాత్రం ఓవర్‌సైజే. ఖర్చు మిగుల్చుకుందామని అరిగిన బోరులో కొత్త రింగులు వేయిస్తే మళ్ళీ ఆరు నెలలకి ఇంజన్ దించాలి.

హోనింగ్ అయ్యాక సబ్బు నీళ్ళతో, బ్రష్షుతో కడగండి. పెట్రోల్‌తో తుడిస్తే రాతి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే తెల్లగానే రావాలి. రావట్లేదంటే ఇంకోసారి కడగాలి.

వరద నీళ్ళలో మునిగిన బండి రింగులు పోయినట్టేనా?

2015 డిసెంబర్ వరదల తర్వాత మా వీధిలో ఈ ప్రశ్న విననిరోజు లేదు. నీళ్ళు దిగగానే కిక్కు కొట్టినవాళ్ళకి కొందరికి కనెక్టింగ్ రాడ్డు వంగింది. కొట్టకుండా నెలరోజులు వదిలేసినవాళ్ళకి ఇంకో రకం నష్టం. పిస్టన్ ఆగిన చోట రింగులు బోరుకి తుప్పుతో అతుక్కున్నాయి. అలాంటి ఒక సిలిండర్ తీస్తే గోడ మీద మూడు గోధుమ రంగు చారలు కనిపించాయి, రింగు రింగుకి ఒక చార, గోరు పెడితే గుంటలు తగులుతున్నాయి. ఆ గుంటల మీదుగా ఏ రింగూ గ్యాస్‌ని ఆపలేదు. వెంటనే ప్లగ్గు తీసి, నీళ్ళు వంచేసి, ఆయిల్ పోసి, నెమ్మదిగా తిప్పి వదిలేస్తే చాలావరకు బతుకుతాయి.

కొత్త రింగులు వేశాక ఎలా నడపాలి?

ఎక్కువసేపు ఐడిలింగ్‌లో వదలొద్దు, ఇక్కడ చాలామంది "మెత్తగా అలవాటు చేస్తున్నా" అని చేసేది అదే. గ్యాస్ ఒత్తిడి లేకపోతే రింగు గోడకి ఒత్తుకోదు, ఒత్తుకోకపోతే ఒదగదు. అలాగని మొదటి రోజే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఫుల్లుగా లాగొద్దు. మధ్యస్థంగా లోడు ఇస్తూ, తగ్గిస్తూ, ఒకే స్పీడులో ఉండకుండా మొదటి 500 కిలోమీటర్లు నడిపి ఆయిల్ మార్చేయండి.

రింగులు ఇంత తొందరగా అరగడానికి కారణం?

దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ చిరిగిన బండి మెట్రో పనులు జరిగే రోడ్డు మీద తిరిగితే అది ఇంజన్లోకి గరుకు కాగితం దూర్చినట్టే.

రింగులు ఎక్కడ కొనమంటారు?

ఈ ఊళ్ళో రింగులకి కరువా? సెంబియంలో ఇండియా పిస్టన్స్, మరైమలై నగర్‌లో ఐపీ రింగ్స్ ఇక్కడివే. కొనడానికి జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఉంది. పుదుపేటలో పాత ఇంజన్, పాత సిలిండర్ కొనండి, తప్పులేదు, కానీ పాత రింగులు మాత్రం వద్దు. పాత రింగు వేరే బోరుకి ఒదిగిపోయి ఉంటుంది.

చేత్తో ఎక్కించొచ్చా?

రింగు ఎక్స్‌పాండర్ దొరికితే అదే వాడండి. లేకపోతే రెండు బొటనవేళ్ళతో కొసల్ని కావలసినంతే తెరవండి, ఒక కొస ముందు పెట్టి మెలిపెడుతూ చుట్టొద్దు, అలా చేస్తే రింగు శాశ్వతంగా మెలి తిరుగుతుంది, పోత ఇనుమైతే విరుగుతుంది కూడా. కింది ఆయిల్ రింగు ముందు, పైది చివర. అక్షరం ఆకాశం వైపు. బిగించే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.